అద్దింటి గ్యాస్ గీజర్: వెలిగించడం ఒక పని, బయటికి పంపడం ఇంకో పని

ఆదివారం

మల్కాజిగిరిలో మేముంటున్నది మూడంతస్తుల ఇంట్లో పై పోర్షన్. బాత్రూం గోడకి గ్యాస్ గీజర్ ఉంది, నిమిషానికి ఆరు లీటర్ల రకం. ఇల్లు చూడటానికి వచ్చిన రోజు ఓనర్ అంకుల్ నల్లా తిప్పి మరీ చూపించారు, భగ్గుమని వెలిగింది. దిగాక దాని అసలు రంగు బయటపడింది. ఒకరోజు వెలుగుతుంది, ఇంకోరోజు టకటకమని ఊరుకుంటుంది, మరోరోజు సగం బకెట్ నిండగానే ఆరిపోతుంది, అదీ నెత్తిన షాంపూ ఉండగా. డిసెంబరు చలి ముదిరేసరికి పూర్తిగా పడకేసింది.

అంకుల్‌కి చెబితే "సెల్లులు మార్చి చూడు బాబూ" అన్నారు. మార్చాను, ఫలితం లేదు. మెకానిక్‌కి ఫోన్ చేస్తే "సీజన్ సార్, వచ్చేవారం చూద్దాం" అన్నాడు. స్టవ్ మీద గిన్నెలతో నీళ్లు కాచి మోసుకెళ్లే ఓపిక ఇంట్లో ఎవరికీ లేదు. స్క్రూడ్రైవర్ తీశాను.

పని మొదలుపెట్టే ముందు ఒక హద్దు పెట్టుకున్నాను. నీళ్లు పారే భాగం, సెల్లులు, వైర్లు, ఇంతవరకే నా పని. గ్యాస్ పారే దారిలో ఒక్క నట్టు కూడా ముట్టుకోను. అది మెకానిక్ పని, అతను ఎంత ఆలస్యంగా వచ్చినా సరే. మూత విప్పే ముందు గ్యాస్ బండ రెగ్యులేటర్ ఆఫ్, గీజర్‌కి నీళ్లిచ్చే యాంగిల్ కాక్ బంద్, సెల్లులు బయటికి.

లోపల చూస్తే మొదట భయం వేస్తుంది గానీ అది పనిచేసే తీరు చాలా చిన్నది. నల్లా తిప్పగానే నీళ్లు అడుగున ఉన్న ఇత్తడి వాల్వులోకి వస్తాయి. అందులో ఒక రబ్బరు బిళ్ల ఉంటుంది, డయాఫ్రం అంటారు. నీళ్లు పారుతున్నప్పుడు బిళ్లకి అటూ ఇటూ ఒత్తిడిలో తేడా వచ్చి అది ఉబ్బుతుంది, ఒక సన్నటి పిన్నుని తోస్తుంది. పిన్ను కదిలితే మైక్రోస్విచ్ పడుతుంది. స్విచ్ పడితే రెండు పెద్ద సెల్లుల కరెంటుతో కంట్రోల్ బాక్సు లేచి ఒకపక్క నిప్పురవ్వలు కొట్టిస్తుంది, ఇంకోపక్క గ్యాస్ తెరిచే సోలెనాయిడ్ వాల్వుని లాగుతుంది. మంట అంటుకుందో లేదో బర్నర్ పక్కనున్న ఇంకో కడ్డీ చూస్తుంటుంది. కొన్ని సెకన్లలో మంట కనబడకపోతే గ్యాస్ కట్.

అందుకే జబ్బు ఎక్కడుందో సగం చెవితోనే పట్టుకోవచ్చు. నల్లా తిప్పితే అసలు చప్పుడే లేదంటే సెల్లులో, మైక్రోస్విచ్చో, నీళ్ల ఒత్తిడో చూడాలి. టకటక వినిపించి మంట రావట్లేదంటే గ్యాస్ అందడం లేదు, లేదా రవ్వ సరైన చోట పడటం లేదు. వెలిగి ఆరిపోతే మంటని చూసే కడ్డీకి మసి పట్టి ఉండొచ్చు, నీళ్లు మరీ వేడెక్కి థర్మోస్టాట్ కట్ చేసి ఉండొచ్చు. చాలా మోడళ్లలో ఇరవై నిమిషాలకు దానంతటదే ఆరిపోయే టైమర్ కూడా ఉంటుంది, దాన్ని రిపేరు అనుకుని డబ్బులు తగలేసిన వాళ్లున్నారు.

మా దానికి చప్పుడే లేదు. కొత్త సెల్లులు రెండూ కలిపి మల్టీమీటర్‌లో మూడు వోల్టుల పైనే చూపించాయి. సెల్లుల పెట్టెలో ఒక స్ప్రింగుకి ఆకుపచ్చ చిలుం పట్టింది. గరుకు కాగితంతో రుద్దాను, మెరిసింది, చప్పుడు మాత్రం రాలేదు. గ్యాస్ ఆఫ్‌లోనే ఉంచి మైక్రోస్విచ్ మీటని వేలితో కదిపాను. టక్ టక్ టక్ టక్! అంటే కరెంటు వైపు అంతా బాగానే ఉంది, నీళ్లే పిన్నుని తోయడం లేదు.

సోమవారం రాత్రి

నీళ్ల లెక్క తీశాను. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి గీజర్ గొట్టం కింద ఇరవై లీటర్ల బకెట్ ఉంచితే నిండటానికి తొమ్మిది నిమిషాలకు పైనే పట్టింది. నిమిషానికి రెండు లీటర్ల చిల్లర. ఈ రకం గీజర్లు వెలగడానికి దాదాపు రెండున్నర లీటర్లయినా పారాలి. గొడవ ఇక్కడే ఉంది.

పై అంతస్తులో ఉండేవాళ్లకి ఇది పుట్టుకతో వచ్చిన కష్టం. పది మీటర్ల ఎత్తు నీళ్లుంటే సుమారు ఒక బార్ ఒత్తిడి. మా ట్యాంకు డాబా మీద నాలుగడుగుల దిమ్మె మీదుంది. ట్యాంకు అడుగు నుంచి గీజర్ దాకా ఎంత పట్టి కొలిచినా మూడు మీటర్లు దాటదు. అంటే ట్యాంకు అడుగంటే సమయానికి మిగిలేది 0.3 బార్. కింద పోర్షన్ అంకుల్‌కి ఇంకో రెండు అంతస్తుల ఎత్తు అదనంగా కలిసొస్తుంది, ఆయన షవర్ వానలా పడుతుంది. అందుకే "మాకు బాగానే వస్తుందే" అంటారు. నిజమే, ఆయనకి వస్తుంది.

తెల్లవారుజామున మోటారు వేసి ట్యాంకు నిండగానే గీజర్ వెలిగేదనీ, తొమ్మిది దాటితే మొరాయించేదనీ మా ఆవిడ చెప్పినప్పుడు నేను పెద్దగా పట్టించుకోలేదు. లెక్క చూశాక ఆమె చెప్పింది అక్షరాలా సరిపోయింది. ట్యాంకులో మీటరు ఎత్తు నీళ్లు ఎక్కువుంటే 0.1 బార్ ఎక్కువ. 0.3కి 0.1 కలిస్తే మూడోవంతు పెరిగినట్టే.

ఉన్న కాస్త ఒత్తిడిని దారిలో ఏది మింగేస్తోందో చూడాలి. నీళ్లు లోపలికొచ్చే నట్టు పానాతో విప్పితే జల్లెడ బయటికొచ్చింది. చిటికెన వేలి గోరంత ఉంటుంది. దాని మీద ఇసుక, తెల్లటి ఉప్పు పొలుసులు, ట్యాంకు అడుగున ఉండే బురద, అన్నీ కలిసి పెచ్చులా గట్టిపడ్డాయి. వెలుతురుకి ఎత్తి చూస్తే సగానికి పైగా కళ్లు మూసుకుపోయాయి. పాత టూత్‌బ్రష్, కొంచెం వెనిగర్, అయిదు నిమిషాల పని. బకెట్ ఆరు నిమిషాల్లో నిండింది.

ఇప్పుడు టకటక వస్తోంది గానీ ఒకసారి వస్తే ఒకసారి రాదు. ఇత్తడి వాల్వు నాలుగు స్క్రూలు విప్పి బిళ్ల తీశాను. రబ్బరు గట్టిపడి, వంచితే అంచు దగ్గర సన్నగా పగిలి కనిపించింది. దాన్నే ప్లాస్టిక్ కవర్లో వేసుకున్నాను.

శనివారం

ట్రూప్ బజార్‌లో పాత బిళ్ల చూపిస్తే కొట్టువాడు డబ్బాలోంచి అచ్చు అలాంటిదే తీసిచ్చాడు. ఖరీదు వంద రూపాయల లోపే. ఇలాంటి వాటికి మోడల్ నంబరు కంటే పాత ముక్క చేతిలో ఉండటం మేలు. చుట్టుకొలత ఒకటే అయినా మధ్యలో బొడ్డు తేడా ఉంటే పిన్ను అందదు.

బిగించేటప్పుడు నాలుగు స్క్రూలూ ఒక్కసారే బిగించకూడదు. ఎదురెదురు మూలలు కొంచెం కొంచెంగా బిగిస్తేనే బిళ్ల ముడత పడకుండా కూర్చుంటుంది.

విప్పిన ఊపులో రాగి గొట్టాలు కూడా కడిగేశాను. మా వీధిలో వాటర్‌బోర్డు నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, మిగతాదంతా బోరే. బోరు నీళ్లలో కరిగున్న సున్నం వేడి తగిలిన చోటల్లా పేరుకుంటుంది. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు వంద గ్రాములు రెండు లీటర్ల గోరువెచ్చటి నీళ్లలో కలిపి, వేడి నీళ్లొచ్చే గొట్టం వైపు నుంచి గరాటుతో నెమ్మదిగా పోశాను. చెవి దగ్గర పెట్టి వింటే లోపల సోడా సీసా తీసినట్టు బుసబుస. ముప్పావు గంట వదిలి, యాంగిల్ కాక్ తిప్పితే మొదట తెల్లగా, తర్వాత పొలుసులతో, ఆ తర్వాత తేటగా వచ్చాయి. బకెట్ ఇప్పుడు నాలుగున్నర నిమిషాలు. వంటింటి థర్మామీటరుతో చూస్తే లోపలికి 21 డిగ్రీలు, బయటికి 45.

గీజర్ ప్రతిసారీ వెలుగుతోంది. ఇంట్లో అందరికీ ఆనందం. ఈ డైరీ ఇక్కడితో అయిపోవాల్సింది.

కానీ మూత తీసి ఉండగా వెలిగించి చూసినప్పుడు ఒకటి నచ్చలేదు. మంట మొదట నీలంగానే ఉంది. బాత్రూం తలుపు దగ్గరగా వేసి అయిదారు నిమిషాలు నడిపి, తలుపు సందులోంచి చూస్తే కొసలు పసుపెక్కి నాలుకల్లా పైకి లేస్తున్నాయి. పైన రేకుల మీద మసి. గీజర్ నెత్తిన పొగగొట్టం పెట్టాల్సిన చోట గొట్టమే లేదు, సీలింగు మీద నల్లటి మరక ఉంది. దాని మీదే ఎప్పుడో సున్నం కొట్టినట్టున్నారు, మరక మళ్లీ తేలింది.

ఆదివారం

ఈరోజు పని ఏమీ చేయలేదు, లెక్కలే.

మా బాత్రూం అయిదడుగులు, అయిదడుగులు, ఎత్తు ఎనిమిది. 200 ఘనపుటడుగులు, అంటే 5.7 ఘనపు మీటర్లు. కిటికీ ఉంది గానీ దోమలని ముందున్నవాళ్లెవరో దాన్ని థర్మోకోల్ ముక్కతో మూసి టేపు వేశారు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ కన్నానికి కార్డుబోర్డు. కిలో గ్యాస్ పూర్తిగా మండాలంటే సుమారు పదిహేనున్నర కిలోల గాలి కావాలి, అంటే 13 ఘనపు మీటర్ల చిల్లర. ఈ గీజర్ ఫుల్లో పెడితే గంటకు కిలోకి కాస్త తక్కువ తాగుతుంది. పది నిమిషాల స్నానానికి నూటయాభై గ్రాములు, దానికి రెండు ఘనపు మీటర్ల గాలి. అంటే తలస్నానం పూర్తయ్యేలోగా ఆ గదిలో గాలిలో మూడోవంతుకు సరిపడా ఆక్సిజన్‌ని మంటే తినేస్తుంది. అంత దాకా అక్కర్లేదు, ఆక్సిజన్ కొద్దిగా తగ్గగానే మంట సరిగా మండటం మానేస్తుంది. అప్పుడు కార్బన్ డయాక్సైడ్ బదులు కార్బన్ మోనాక్సైడ్ మొదలవుతుంది.

వంట గ్యాస్ లీకైతే మనకు తెలుస్తుంది. అందులో కావాలనే ఇథైల్ మెర్కాప్టాన్ కలుపుతారు, ఆ కుళ్లు వాసనకి పక్కింటివాళ్లు కూడా బయటికొస్తారు. మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు, దగ్గు రాదు. రక్తంలో హిమోగ్లోబిన్‌కి ఆక్సిజన్ కంటే రెండొందల రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. మొదట తలనొప్పి, దిమ్ము, వికారం, కాళ్లలో నీరసం. తలుపు గడియ తీసే ఓపిక కూడా పోతుంది. చలికాలంలో బాత్రూంలో స్పృహ తప్పి పడిపోయారన్న వార్తలు పేపర్లో ఏటా చదువుతాం, చదివి పేజీ తిప్పుతాం.

మా ఆవిడకి ఆదివారం తలంటు తర్వాత తల దిమ్ముగా ఉండటం ఈ ఇంటికొచ్చాకే మొదలైంది. మా అత్తగారేమో "తల సరిగ్గా ఆరబెట్టుకోవు, నీరు పట్టింది" అని ఫోన్లోనే తేల్చేశారు. ఒకసారి వికారంగా ఉందంటే కోవిడ్ టైంలో కొన్న పల్స్ ఆక్సీమీటర్ వేలికి పెట్టి చూశాం, 98 చూపించింది, హమ్మయ్య అనుకున్నాం. ఆ పరికరం మోనాక్సైడ్ అంటుకున్న హిమోగ్లోబిన్‌ని, ఆక్సిజన్ అంటుకున్న దాన్ని వేరు చేసి చూడలేదు. రెండూ ఎర్రగానే ఉంటాయి దానికి. కాబట్టి ఇలాంటి అనుమానం ఉన్నప్పుడు ఆక్సీమీటర్ అంకెని నమ్మి ఇంట్లో కూర్చోకూడదు. బయట గాలిలోకి తీసుకెళ్లడం, తగ్గకపోతే ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టించడం, అంతే. మామూలు గాలి పీలుస్తుంటే రక్తంలో మోనాక్సైడ్ సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది, పూర్తి ఆక్సిజన్ మీద గంట, గంటన్నర.

ఆన్‌లైన్‌లో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఆర్డర్ పెట్టాను. అంకె చూపించేదే కావాలని వెతికాను, ఊరికే కూసేది కాదు. అది వచ్చేదాకా గీజర్ బంద్. ఇంట్లో ఈ మాట చెప్పడం డయాఫ్రం మార్చడం కంటే కష్టమైంది. వెలిగేలా చేసింది నేనే, ఇప్పుడు వాడొద్దంటున్నదీ నేనే.

బుధవారం సాయంత్రం

అలారం వచ్చింది. బాత్రూంలో ఎవరూ లేకుండా, బకెట్ పొర్లి మోరీలోకి పోయేలా పెట్టి, అలారాన్ని ఊపిరి పీల్చే ఎత్తులో టవల్ కొక్కేనికి తగిలించి, తలుపు వేసి, దాని అంకె కనబడేలా ఫోన్ కెమెరా ఆన్ చేసి పెట్టాను. పిల్లలు హాల్లోంచే వీడియో కాల్‌లో చూస్తున్నారు, వాళ్లకదో క్రికెట్ మ్యాచ్.

మొదటి రెండు నిమిషాలు సున్నా. తర్వాత 12 పీపీఎం, అంటే పది లక్షల వంతుల గాలిలో 12 వంతులు మోనాక్సైడ్. నాలుగో నిమిషానికి 38. ఆరుకి 85. ఎనిమిది నిమిషాలకు 150 దాటింది, నేను వెళ్లి రెగ్యులేటర్ కట్టేశాను. అలారం అప్పటికి కూయలేదు, అది దాని తప్పు కాదు. యూరప్ ప్రమాణం ఈఎన్ 50291 ప్రకారం తయారయ్యే అలారాలు 50 పీపీఎం ఉంటే గంట నుంచి గంటన్నర మధ్య, 100 ఉంటే పది నుంచి నలభై నిమిషాల మధ్య, 300 ఉంటే మూడు నిమిషాల్లోపు మోగాలి. పొయ్యి వెలిగించిన ప్రతిసారీ అరవకుండా అలా పెట్టారు. అందుకే అంకె కనబడేది కొనమనేది. కూత కోసం చూస్తే మా పరీక్షలో అంతా బాగున్నట్టే.

థర్మోకోల్ పీకేసి, ఫ్యాన్ కన్నం కార్డుబోర్డు తీసి, బాత్రూం పూర్తిగా గాలాడనిచ్చి మళ్లీ పెట్టాను. ఈసారి 30 దగ్గర ఊగిసలాడింది. తగ్గింది, పోలేదు. చలికాలం పొద్దున్నే ఎవరు కిటికీ తెరిచి స్నానం చేస్తారు? రెండో రోజే మూసేస్తారు. మనుషుల అలవాటు మీద ఆధారపడే జాగ్రత్త ఎన్నాళ్లో నిలవదని నా అనుభవం. ఇది గదిలోంచి బయటికి పోవాల్సిందే.

శుక్రవారం

మెకానిక్ వచ్చాడు. మూత తీసి మంట చూసి, సీలింగు మరక చూసి, నా వైపు చూశాడు. "సార్, మెషిన్ మంచిగనే ఉంది. ఈడ పెట్టుడే తప్పు. బయట పెట్టాలె" అన్నాడు. అలారం వీడియో చూపిస్తే తల పంకించి, ఇట్లాంటివి రోజూ చూస్తానన్నాడు. అపార్ట్‌మెంట్లలో గీజర్ బయట పెట్టడానికి జాగా ఉన్నా టైల్స్ పగలగొట్టాలని ఓనర్లు ఒప్పుకోరట.

అతను చూపించేదాకా నేను గమనించనిది ఇంకోటుంది. వంటింట్లో బండ దగ్గర రబ్బరు పైపుకి టీ (T) ఆకారపు జాయింట్ కొట్టి, రెండో పైపుని గోడ కన్నంలోంచి బాత్రూంలోకి లాగారు. గ్యాస్ రబ్బరు పైపు ఒకటిన్నర మీటరు దాటకూడదు, గోడలోంచి పోనివ్వకూడదు. గోడలో పగిలితే కంటికి కనబడదు, ఎలుక కొరికినా తెలియదు. పైపు మీద ముద్రించిన సంవత్సరం చూస్తే మార్చాల్సిన అయిదేళ్ల గడువు ఎప్పుడో దాటింది. జాయింటుకి సబ్బు నురగ రాస్తే బుడగ ఒక్కటి నిదానంగా ఉబ్బింది. చిన్నదే, వాసన తెలిసేంత కాదు. అతను అక్కడికక్కడే టీ తీసేసి స్టవ్‌కి కొత్త సురక్షా పైపు వేశాడు. గీజర్ లైను డమ్మీ. (వాసన గట్టిగా వచ్చేంత లీకైతే మెకానిక్ కోసం ఆగక్కర్లేదు, ఏ కంపెనీ గ్యాస్ అయినా 1906కి ఫోన్ చేయొచ్చు. స్విచ్చులు వేయడం, తీయడం రెండూ వద్దు, తలుపులు తెరిచి బయటికి రావాలి.)

శనివారం, కింద పోర్షన్‌లో

గీజర్‌ని బాత్రూం బయటికి మార్చే విషయం అంకుల్‌తో మాట్లాడటానికి కాగితం మీద రాసుకుని వెళ్లాను. ఆంటీ టీ ఇచ్చారు. అంకుల్ వాదన ఊహించినదే: "పదేళ్ల నుంచి అందరూ వాడారు బాబూ, ఎవరికీ ఏం కాలేదు." వాళ్లబ్బాయి సాఫ్ట్‌వేర్, పక్కనే ల్యాప్‌టాప్‌తో కూర్చున్నాడు. "అంకుల్, గీజర్ రిపేర్ టెనెంటే చేయించుకోవాలి, మోడల్ యాక్ట్‌లో క్లియర్‌గా ఉంది" అని నాకు స్క్రీన్ తిప్పి చూపించాడు. నన్ను అంకుల్ అనడం ఒక దెబ్బ, ఆ వాక్యం నిజమే కావడం ఇంకో దెబ్బ.

2021 జూన్‌లో కేంద్ర కేబినెట్ ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో, ఏ రిపేరు ఎవరిది అని ఒక షెడ్యూల్ ఉంది. గీజర్ రిపేర్లు, నల్లా వాషర్లు, స్విచ్చులు కిరాయిదారు వైపు. గోడల మరమ్మతు, సున్నాలు, నీళ్ల పైపులు మార్చడం, అవసరమైతే కరెంటు వైరింగు ఓనరు వైపు. ఇది నమూనానే, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అమలు. అయినా బేరానికి మంచి ఆధారం. నేను అదే స్క్రీన్ కొంచెం పైకి జరిపి, పైపుల వరస చూపించాను. "గీజర్ రిపేరు నేను చేయించేశాను, డబ్బులు అడగడం లేదు. నేనడిగేది పైపు మార్చమని." వాళ్లబ్బాయి నవ్వాడు. అంకుల్ నవ్వలేదు.

చట్టం కంటే వీడియో బాగా పనిచేసింది. అంకె 12 నుంచి 150కి ఎక్కడం ఆంటీ రెండుసార్లు వేయించుకుని చూశారు. "పైన చిన్నపిల్లలున్నారండీ" అని ఆయనతో ఒక్క మాటే అన్నారు. టైల్స్ ఒక్కటి కూడా పగలకూడదనే షరతు మీద ఒప్పుకున్నారు. పైపు, మేస్త్రీ కూలి ఆయనవి. గ్యాస్ రాగి పైపు, సర్వీసింగ్, పొగగొట్టం నావి. ఖాళీ చేసేటప్పుడు పొగగొట్టం పట్టుకెళ్లనని రాసిమ్మన్నారు, రాసిచ్చాను. పట్టుకెళ్లి ఏం చేసుకుంటాను!

నిజానికి కరెంటు గీజర్ పెట్టిస్తే ఈ గొడవంతా ఉండదు కదా అని మా తమ్ముడన్నాడు. లెక్క వేశాం. ఇరవై లీటర్ల బకెట్‌ని 25 డిగ్రీలు పెంచడానికి కరెంటైతే 0.6 యూనిట్, గ్యాసైతే యాభై గ్రాముల పైన. 14.2 కిలోల బండకి రెండొందల యాభై బకెట్ల దాకా వస్తాయి. ఖర్చులో పెద్ద తేడా లేదు. తేడా అల్లా ఏమిటంటే బాత్రూంలో ఉన్నది మామూలు అయిదు ఆంపియర్ల పాయింటు. రెండు కిలోవాట్ల గీజర్‌కి మెయిన్ నుంచి వేరే వైరు, ఎర్తింగు లాగాలి. ఈ ఇంట్లో ఎర్తింగు మీద నాకు నమ్మకం లేదు.

ఆదివారం, మార్పిడి

వంటింటి వెనక గ్రిల్ వేసిన వాష్ ఏరియా ఉంది, గాలి ధారాళంగా ఆడుతుంది. గీజర్‌ని అక్కడ గోడకి బిగించారు. నేరుగా గాలి కొట్టే మూల కాకుండా వాషింగ్ మెషిన్ పక్కన, పైన సన్‌షేడ్ ఉన్నచోట. ఎదురుగాలికి మంట ఆరిపోతుందని మెకానిక్ ముందే హెచ్చరించాడు. గ్యాస్‌కి వంటింటి నుంచి నాలుగడుగుల రాగి పైపు, గీజర్‌కి వేరే వాల్వు. పొగగొట్టం గ్రిల్ దాటి బయటికి, వాన నీళ్లు లోపలికి రాకుండా మూతి కిందికి వంచి.

వేడి నీళ్లకి సీపీవీసీ పైపే వేయమని పట్టుబట్టాను. మేస్త్రీ తెల్ల యూపీవీసీ ముక్కలు మిగిలాయని తెచ్చాడు. అది చన్నీళ్ల పైపు, వేడికి మెత్తబడి జాయింట్ల దగ్గర జారిపోతుంది. లేత పసుపు రంగులో ఉండే సీపీవీసీ 90 డిగ్రీలు దాటినా ఓర్చుకుంటుంది. పైపు దారి టైల్స్ మీదుగా క్లిప్పులతో, బాత్రూంలోకి పాత గ్యాస్ కన్నంలోంచే. అంకుల్ మెట్ల మీద నిలబడి డ్రిల్లింగ్ మిషన్ చప్పుడు ఆగేదాకా చూశారు. ఒక్క టైలూ పగల్లేదు.

మెకానిక్ బర్నర్ విప్పి బ్రష్‌తో దులిపితే దుమ్ము, సాలెగూడు రాలాయి. బర్నర్ రంధ్రాల్లో ఇలాంటివి చేరినా మంట పసుపెక్కుతుందట. రాగి రేకుల మధ్య మసి కూడా కడిగాడు. వెలిగిస్తే మంట నీలంగా, కురచగా, కదలకుండా ఉంది.

పన్నెండు అడుగుల పైపు పెరిగేసరికి బాత్రూంలో నల్లా తిప్పాక మొదటి అరలీటరు చల్లగా వస్తుంది. మొక్కల మగ్గులో పట్టేస్తున్నాం. ఒత్తిడి కూడా కొంచెం తగ్గింది, ట్యాంకు సగం కంటే కింద ఉన్నప్పుడు ఇప్పటికీ ఒక్కోసారి రెండోసారి తిప్పాల్సి వస్తోంది. చిన్న బూస్టర్ పంపు పెడితే తీరుతుంది గానీ దానికి మళ్లీ కరెంటు పాయింటు, మళ్లీ కింద అంకుల్‌తో టీ తాగుతూ బేరం. ప్రస్తుతానికి షవర్ తల తీసేసి బకెట్ స్నానమే.

గురువారం

వంటింటి తలుపు, కిటికీ మూసి, గీజర్ పదిహేను నిమిషాలు నడిపి అలారం వంటింట్లో పెట్టాను: సున్నా. బాత్రూంలో: సున్నా. పడగ్గదిలో మంచం ఎత్తులో మేకు కొట్టి అక్కడే ఉంచేశాం. మా ఆవిడ తలంటుకుని వచ్చి తల దిమ్ము గురించి ఏమీ అనలేదు, సాంబ్రాణి పొగకి అలారం మోగుతుందా అని మాత్రం అడిగింది. బొగ్గుల మీద వేస్తే మోగొచ్చు, బొగ్గూ మోనాక్సైడ్ ఇచ్చేదే. ధూపం కిటికీ తెరిచి వేసుకోమన్నాను.

రాత్రి అంకుల్ పైకొచ్చారు. ఆ మిషన్ ఒక గంట ఇస్తావా అని అడిగారు. వాళ్ల బాత్రూంలోనూ అదే కంపెనీ గీజర్, అదే ఏడాది కొన్నది. ఆయన బాత్రూం మాదాని కంటే పెద్దది, కిటికీ తెరిచే ఉంటుంది, అయినా పది నిమిషాలకు 60 చూపించింది. ఆంటీ అప్పటికప్పుడు గీజర్ ఆపించారు. మెకానిక్ ఆదివారం వస్తానన్నాడు. వాళ్ల వెనక వసారా దాకా పైపు పొడవు నేనే టేపు పట్టి కొలిచాను, తొమ్మిది అడుగులు. సీపీవీసీయే తెప్పించమని చెప్పాను.